బీబీసీ మైక్రోతోని తెలుగు మాట్లాడించుడు: చిన్నాయిన నోట్‌బుక్‌ల అంకెలు ఎవరికన్న అర్థమైతయా?

కొత్తవాడ_పోరడు
మా చిన్నాయిన పోయి ఆరేండ్లైంది. మొన్న పాతింటి అటక మీది సామాను దించుతుంటే షత్రంజీల చుట్టిపెట్టిన కంప్యూటర్ దొరికింది. బీబీసీ మైక్రో. ఆయన సైన్స్ సారు, బడిల పాత సామాను వేలమేస్తే కొనుక్కున్నడట. దానితోని ఒక చుక్కల బోర్డు, మీద 28 కాళ్ళ మాట్లాడే చిప్పు, పేరు ఎస్‌పీ0256-ఏఎల్2. బోర్డు నుంచి మిషన్ కింది యూజర్ పోర్టుకు పట్టీ తీగ. ఇంకో నోట్‌బుక్.

నోట్‌బుక్‌ల చిన్న ప్రోగ్రాం ఉన్నది. 65122 అనే మెమరీ అడ్రసుల 127 పెట్టాలె, తర్వాత 65120 అడ్రసుకు ఒక్కొక్క అంకె పంపాలె. మొదటి వరుస 27, 7, 45, 15, 53. కొట్టి చూస్తే "హలో" అన్నది! రాత్రి పదకొండింటికి, ఇంట్ల అందరు పండుకున్నంక. చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డయ్.

రెండో వరుస మాత్రం ఎంత విన్నా అర్థమైతలేదు: 63, 30, 46, 46, 15, 3, తర్వాత 13 రాసి కొట్టేసిండు, 17 రాసి కొట్టేసిండు, 29 రాసి ఉంచిండు, 12, 11, 11, 15, 46, 24, 24. ముక్కుల మాట్లాడినట్టు సన్నగ ఏదో అంటది.

నేను సొంతంగ "అత్త" అనిపిద్దామంటే "అట" అంటది. "మామ" అంటే "మామ్మ" అంటది. తప్పు నాదా, చిప్పుదా?

టంకం_తాత
ముందుగాల ప్లగ్గు పీకు. ఆ మిషన్ పవర్ సప్లైల మెయిన్స్ మీద కూసునే కాగితం కెపాసిటర్లు ఉంటయ్. నలభై ఏండ్లకు పెంకు పగిలి తేమ గుంజుకుంటయ్, అరగంట నడిచినంక బుస్సుమని ఇల్లంత పొగ. నా బల్ల మీదనే అయ్యింది. అవి మార్చినంకనే తెలుగు సంగతి.

రెండోది, ఆ చిప్పుకు ఏ క్రిస్టల్ (చిప్పు ఎంత వేగంగ నడవాల్నో చెప్పే ముక్క) పెట్టినవ్?

కొత్తవాడ_పోరడు
దానిది కాలు విరిగి ఉండె తాతా. పాత బటన్ ఫోన్ల నుంచి తీసి పెట్టిన. 3.58 మెగాహెర్ట్జ్.

టంకం_తాత
అగో, గదే సన్న గొంతు. ఆ చిప్పుకు రాసిపెట్టింది 3.12. నువ్వు నూటికి పదిహేను పాళ్ళు ఎక్కువ ఉరికిస్తున్నవ్. గొంతు సన్నగైతది, మాట తొందరైతది, నడుమ ఖాళీలు కూడ కురచైతయ్. 3.12 ఇప్పుడు దొరుకుడు కష్టం గని 3.2768 దొరుకుతది. తేడా ఐదు పాళ్ళే, చెవికి తెల్వది. హైదరాబాదు పోతే కోఠి గుజరాతీ గల్లీల అడుగు.

కాజీపేట_జంక్షన్
బీబీసీ మైక్రోల మాట్లాడే చిప్పు ముందే ఉంటది కదా? బయట బోర్డు ఎందుకు కట్టిండు?

8బిట్_బిడ్డ
ముందే ఉండదన్నా, విడిగా కొని లోపల గుచ్చుకోవాలి. అది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ టీఎంఎస్5220. దాని జోడీ మెమరీ చిప్పులో, బీబీసీ వార్తలు చదివిన కెన్నెత్ కెండల్ గొంతు నుంచి తీసిన మాటలుంటాయి. ఉన్న మాటలే అంటుంది. "ఓరుగల్లు" అనమంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది?

పోరడి దగ్గరున్నది వేరే జాతి. జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ వాళ్ళది. దాని కడుపులో మాటలు లేవు, ధ్వనులున్నాయి. 64 సంకేతాల్లో ఐదు ఖాళీలు (10, 30, 50, 100, 200 మిల్లీసెకన్లు), మిగతా 59 ధ్వనులు. అన్నీ కలిపి 2 కిలోబైట్ల రోమ్‌లో, అంటే చదవడానికే తప్ప రాయడానికి వీల్లేని మెమరీలో ఇరికించారు. ధ్వనిని రికార్డు చేసి పెట్టలేదు. గొంతు మోగే ధ్వనులకు టకటకమనే చిన్న దెబ్బలు, స, ష లాంటి వాటికి గాలి రొద, ఆ రెంటినీ నోటి ఆకారంలా పనిచేసే ఫిల్టర్‌లోంచి పంపుతుంది. ఫిల్టర్ ఎలా ఉండాలో చెప్పే అంకెలే లోపలున్నది.

యూజర్ పోర్టుకు ఎనిమిది తీగలు. ఆరు తీగలతో 64లో ఏ ధ్వనో చెప్తాం. ఏడోది తలుపు తట్టడానికి. ఎనిమిదోది చిప్పు మనకు చెప్పేది, "ఇంకోటి పంపు" అని. మీ చిన్నాయిన 65122లో 127 పెట్టింది అందుకే, ఏడు బయటికి, ఒకటి లోపలికి. ఒక్క తీగ కూడా దండగ కాలేదు. చాలా పొందికగా కట్టారు.

కాజీపేట_జంక్షన్
సమజైంది. మరి చిప్పు లేకుండ మాట్లాడేటివి కూడ ఉండె కదా? శామ్ అని.

8బిట్_బిడ్డ
ఉండేది. సాఫ్ట్‌వేర్ ఆటోమేటిక్ మౌత్, 1982. యాపిల్, అటారీ, కమొడోర్‌లకు. బీబీసీకి 1985లో సుపీరియర్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు "స్పీచ్" తెచ్చారు, అదీ ఉత్త ప్రోగ్రామే. వాటిలో గొంతు ఎత్తు మార్చుకోవచ్చు. ఓట్రాక్స్ ఎస్‌సీ-01 అనే చిప్పులో కూడా ధ్వనికి నాలుగు స్థాయిలుండేవి. మన 0256కి ఆ సౌకర్యం లేదు, ఒకటే శ్రుతి.

మంథని_పంతులు
నేను రిటైర్డ్ తెలుగు పండితున్ని, కంప్యూటర్ సంగతి తెల్వది. కాని "అత్త" అంటే "అట" ఎందుకంటదో నాకు తెలుసు. ఇంగ్లీషోళ్ళ టీ ధ్వనికి నాలుక కొన పండ్లకు తాకదు, పైన చిగురు గట్టుకు తాకుతది. మన త దంత్యం, నాలుక పండ్లకే తాకాలె. వాళ్ళది మన చెవికి ట లెక్కనే వినపడ్తది. అందుకే మనం టీ, టేబుల్, టికెట్ అని ట తోనే రాసుకున్నం. ఆ చిప్పు పుట్టింది ఇంగ్లీషు నోట్ల. దానికి త రాదు.

కొత్తవాడ_పోరడు
మరి త ఎట్ల అనిపియ్యాలె సార్? 13 పెట్టిన, 17 పెట్టిన, రెండు ట లే.

8బిట్_బిడ్డ
ఆగు. నోట్‌బుక్‌లో 13 కొట్టేశారు, 17 కొట్టేశారు, 29 ఉంచారు అన్నావు కదా. 13, 17 రెండూ ఇంగ్లీషు టీ లే. 29 అంటే "థింక్" లో మొదటి ధ్వని. మీ చిన్నాయిన కూడా ఇదే త కోసం వెతికారు!

మంథని_పంతులు
భేష్. 29 ఊష్మం లెక్క గాలి వదులుతది, స్పర్శం కాదు. అయినా నాలుక పండ్ల దగ్గరనే ఉంటది కాబట్టి స్థానం సరిపోయింది. థ లెక్క వినపడ్తది, కాని ట కంటె నయం. ఆ సారు చెవి మంచిది.

టంకం_తాత
29 ముందర 50 మిల్లీసెకన్ల ఖాళీ పెట్టు (సంకేతం 2). గాలి మొదలయ్యే ముందు ఆగినట్టుంటది. థ కొంచెం త దిక్కు జరుగుతది. నేను 1990లల్ల ఇసొంటి బోర్డే కట్టిన, స్టేషన్ల బండ్ల పేర్లు చెప్పిద్దామని. ఎవరు తీసుకోలే.

తీరం_వాసి
మాది కాకినాడ. అడగకుండా దూరుతున్నా. ఇంత కష్టం దేనికండీ, ఫోన్లో మీ గొంతు రికార్డు చేసి వాయిస్తే సరిపోదా?

కొత్తవాడ_పోరడు
సరిపోదు అన్నా. 32 కిలోబైట్ల మెమరీ. దాంట్ల నా గొంతు నాలుగు సెకన్లు కూడ పట్టదు. ఈ ధ్వనులతోనైతే రెండు వేల అంకెలకు రెండు వేల బైట్లే, నిమిషాల కొద్ది మాట్లాడుతది. పైగ ఆయన కట్టింది ఆయన కట్టినట్టే మాట్లాడాలె, నా గొంతు దేనికి.

8బిట్_బిడ్డ
ఇప్పుడు "మామ" సంగతి. ఈ చిప్పులో మ్ (16) పొడవు 180 మిల్లీసెకన్లు. పొట్టి అ (15) 70. మనం మామ అన్నప్పుడు మధ్యలో మ అంతసేపు పట్టుకోం. అందుకే అది మామ్మ అయింది. "అమ్మ" కొట్టి చూడు, 15, 16, 15. మొదటిసారికే వస్తుంది.

కొత్తవాడ_పోరడు
వచ్చింది!! అచ్చం అమ్మ. మరి మామ?

8బిట్_బిడ్డ
మ ని మధ్యలో కోయలేం. కాబట్టి పక్కనున్న అచ్చును సాగదీయి. 16, 24, 24, 24, 16, 15. ఆ పొడుగైతే మ దానంతట అదే పొట్టిగా వినపడుతుంది. చెవి కొలిచేది మిల్లీసెకన్లు కాదు, పక్కదానితో పోలిక.

మంథని_పంతులు
బిడ్డా ఇది బంగారం లాంటి మాట. హ్రస్వ దీర్ఘాలు పిల్లలకు చెప్పేటప్పుడు మేము ఒక మాత్ర, రెండు మాత్రలు అంటం. మాత్ర అంటే కూడ పోలికే.

టంకం_తాత
ద్విత్వాల సంగతి నేను చెప్త. అట, అట్ట రెండింటికి ట ఒకటే. తేడా అంత దాని ముందర నోరు మూసుకున్న సేపే. "అట" కు 15, 2, 13, 15. "అట్ట" కు 15, 3, 2, 13, 15. వంద, యాభై కలిపితే నూట యాభై మిల్లీసెకన్లు. రెండు ట లు రాసి చూడు, "అట్ ట" అని తెగుతది. నిశ్శబ్దం పెంచితేనే ద్విత్వం. నాకిది పట్టుకునేదానికి ఒక ఎండాకాలమంత పట్టింది.

మంథని_పంతులు
తాతా, పరుషాలకు ఒప్పుకుంట. క, చ, ట, త, ప లకు నోరు మూసినంక నిశ్శబ్దమే. సరళాలకు ఒప్పుకోను. "గడి" అను, "గడ్డి" అను. గడ్డి అన్నప్పుడు గొంతు మీద వేలు పెట్టి చూడు, నాలుక మూసుకున్నా లోపల మోగుతనే ఉంటది. నువ్వు ఖాళీ పెడితే ఆ మోత చస్తది, "గట్టి" అని వినపడ్తది.

టంకం_తాత
(ఒక గంట తర్వాత) వేలు పెట్టి చూసిన. పంతులు చెప్పిందే నిజం. నా పాత కాగితాలల్ల "గడ్డి" పక్కన "బాగలేదు" అని రాసి ఉన్నది, ఎందుకో ఇయ్యాల తెలిసింది.

8బిట్_బిడ్డ
దీనికి దారి ఉంది. డ కు చిప్పులో రెండున్నాయి. 21 మాట చివర వచ్చేది, 70 మిల్లీసెకన్లు, మూసుకున్నా కొంత మోగుతుంది. 33 మొదట్లో వచ్చేది. రెంటినీ అంటించు. గడి అంటే 61, 15, 33, 12. గడ్డి అంటే 61, 15, 21, 0, 33, 12.

కాజీపేట_జంక్షన్
ఒకటే ధ్వనికి రెండు మూడు ఎందుకు? క కు కూడ మూడున్నయి పట్టికల.

మంథని_పంతులు
భాషాశాస్త్రంల వాటిని సవర్ణాలంటరు. "కాకి" అను, మెల్లగ. మొదటి క కు నాలుక వెనక తాకుతది, రెండో క కు ముందటికి జరుగుతది, ఎందుకంటే వెనకాల ఇ వస్తున్నది. మనకు రెండు ఒకటే క. నాలుకకు కాదు.

8బిట్_బిడ్డ
అందుకే చిప్పులో కాకి 8, 24, 24, 42, 12. రెండు క లకూ ఒకటే అంకె పెడితే ఎవరో తోసినట్టు వినపడుతుంది.

కాజీపేట_జంక్షన్
నేను కూడ ఇంట్ల ఎమ్యులేటర్ (పాత మిషన్ లెక్క నడిచే ప్రోగ్రాం) పెట్టుకున్న. "వరంగల్" కొట్టిన. ర ఇంగ్లీషు ర లెక్క నాలుక మడతపెట్టి అంటున్నదని, డ ధ్వని 21 పెట్టి చూసిన. "వడంగల్" అన్నది. మా ఇంట్ల అందరు ఇప్పుడు గదే అంటున్రు.

8బిట్_బిడ్డ
46, 15, 39, 15, 44, 61, 15, 45 కొట్టన్నా. 39 పొట్టి ర, కొంచెం మేలు. అన్నిటికంటే 44 చూడండి. "రం" తర్వాత గ వచ్చింది కాబట్టి సున్నా ఇక్కడ మ్ కాదు, న్ కాదు. ఙ్.

మంథని_పంతులు
నలభై ఏండ్లు పిల్లలు అడిగిన్రు, ఙ తోని ఒక్క మాట చెప్పుండ్రి సార్ అని. వరంగల్ అనే చెప్పేటోన్ని. ఇయ్యాల దానికి నంబరు కూడ దొరికింది, 44.

తీరం_వాసి
ఆసక్తిగా ఉందండీ, ఇందాక అన్నది వెనక్కి తీసుకుంటున్నా. ఒక సంగతి. తెలుగు రాసినట్టే పలుకుతాం కాబట్టి రాత నుంచి ధ్వనికి మార్చే ప్రోగ్రాం చాలా చిన్నదవ్వాలి కదా? ఇంగ్లీషుకి 1976లో అమెరికా నౌకాదళ పరిశోధనశాల వాళ్ళు 329 సూత్రాలు రాయాల్సొచ్చింది.

మంథని_పంతులు
చిన్నదే, కాని అనుకున్నంత కాదు. "చీర" ల చ, "చాప" ల చ ఒకటేనా? అచ్చ తెలుగు మాటలల్ల ఇ, ఈ, ఎ, ఏ ల ముందర తాలవ్యం, మిగతా అచ్చుల ముందర దంత్యం. దంత్యానికి పాతకాలంల ౘ, ౙ అని పైన గుర్తు పెట్టి రాసేటోళ్ళు. ఇప్పుడు రాతల పోయింది, నోట్ల ఉన్నది. "మేకు" ల మే, "మేక" ల మే చూడు. మేక అన్నప్పుడు నోరు ఇంకా తెరుచుకుంటది.

8బిట్_బిడ్డ
చీరకు 50. చాపకు 17, 55 అంటించాలి, త్స లాగా. మేకకు 26 రెండుసార్లు, మేకుకు 7 రెండుసార్లు. ఏ కు పట్టికలో ఉన్న 20 వాడకండి, చివర "యి" తోక వస్తుంది, ఇంగ్లీషోళ్ళ "డే" లాగా. ఓ కు 53 కూడా అంతే, చివర ఉ లోకి జారుతుంది. 23 రెండుసార్లు మేలు.

చెవితో_చదువు
చాలా రోజులుగా ఈ ముచ్చట వింటున్న. నిజంగనే వింటున్న, నాకు చూపు లేదు. మాది జగిత్యాల. ఈస్పీక్ తోని తెలుగు చదువుకుంట. మీ పోస్టులన్ని అదే చదివి వినిపిచ్చింది.

ఈస్పీక్‌ను జొనాథన్ డడింగ్‌టన్ అనే ఆయన 1995ల మొదలుపెట్టిండు, ఏకార్న్ కంప్యూటర్ల కోసం. మీ బీబీసీ మైక్రో చేసిన కంపెనీ అదే. అది కూడ రికార్డు చేసిన గొంతు కాదు, చాలమట్టుకు ధ్వనుల అంకెలే. అందుకే చిన్నగుంటది, పాత ల్యాప్‌టాప్‌ల కూడ ఉరుకుతది.

మా చెల్లె వింటే "ఆ రేకు డబ్బ గొంతు ఎట్ల వింటవ్" అంటది. నాకు తియ్యటి గొంతు వద్దు. గడి, గడ్డి తేడా తెలువాలె. కల, కళ తేడా తెలువాలె. ఎంత వేగం పెట్టినా మాట విరగొద్దు. టంకం తాత, పంతులు సార్ కొట్లాడిన ద్విత్వం సంగతి మీకు సరదా కావచ్చు, నేను డిగ్రీ దాని మీదనే చదివిన.

పోరడూ, నీ రెండో వరుస రికార్డు చేసి పెట్టు. క్రిస్టల్ మార్చినంక. రేకు గొంతులు వినుడు నాకు అలవాటే.

టంకం_తాత
బిడ్డా, నా దగ్గర 3.2768 ఒకటున్నది. పోరడూ, సుబేదారికి వచ్చి పట్టుకపో. కెపాసిటర్లు కూడ మార్చి ఇస్త. ఆన్‌లైన్‌ల మాత్రం ఆ చిప్పు కొనకు. నాకు పేరు గీకి కొత్త పేరు అచ్చేసినయి రెండు వచ్చినయి, రెండు మూగయే. నీదాన్ని కంటికి రెప్ప లెక్క చూసుకో.

కొత్తవాడ_పోరడు
తాత ఇంటికి పోయొచ్చిన. క్రిస్టల్ మారింది. కెపాసిటర్లు తీసి చూస్తే రెండిటికి పగుళ్ళున్నయ్. ఇంకో వారం నడిపిస్తే పోయేదే. రెండో వరుస ఇప్పుడు నిదానంగ, కొంచెం మగ గొంతుల వస్తంది. ఫైలు పెట్టిన, వినుండ్రి.

చెవితో_చదువు
ఒక్కసారికే దొరికింది. "బువ్వ థిన్నవా."

8బిట్_బిడ్డ
అవును! 63, 30 బు. 46 రెండుసార్లు వ్వ. 15 అ. 3 ఖాళీ. 29, 12 తి. 11 రెండుసార్లు, 15 కలిపి న్న. చివర 46, 24, 24 వా. బువ్వ తిన్నవా.

మంథని_పంతులు
ఈ చిప్పుకు గొంతు లేపుడు రాదంటిరి కదా. ఇంగ్లీషుల "ఈటెన్" అని ఒకటే శ్రుతిల అంటే అడిగిండో చెప్పిండో తెల్వదు. మనది చూడుండ్రి. "తిన్నవ్" అంటే చెప్పుడు, "తిన్నవా" అంటే అడుగుడు. ప్రశ్న రాగంల లేదు, చివరి ఆ ల ఉన్నది. రెండు 24లు పెట్టి ఆ సారు అడిగిండు. శ్రుతి లేని మిషన్‌తోని కూడ అడిగించొచ్చు.

కాజీపేట_జంక్షన్
దండం పెట్టాలె ఆ సారుకు.

కొత్తవాడ_పోరడు
నిన్న మా నాయినమ్మకు వినిపిచ్చిన. ఎనభై ఆరేండ్లు, చెవులు సగమే. స్పీకర్ దగ్గరికి కుర్చీ జరుపుకొని మూడుసార్లు పెట్టిచ్చుకున్నది. నేను, చిన్నాయిన ఎవరినో బువ్వ తిన్నవా అని అడిగిండు అనుకున్న. ఆమె కాదన్నది. "అది వాని మాట కాదు బిడ్డా, నాది. ఈ డబ్బ ముంగట కూసుంటే రాత్రి పన్నెండైనా లేవకపోయేది. తలుపు కాడ నిలబడి నేనే అడుగుతుంటి."

టంకం_తాత
ఆ నోట్‌బుక్ ప్రతి పేజీ ఫొటో తీసి దాయి. కాగితం ఆగదు.

కొత్తవాడ_పోరడు
తీసిన తాతా. చివరి పేజీల ఇంకో వరుస ఉన్నది, సగంల ఆగింది: 8, 24, 24, అక్కడ 45 రాసి కొట్టేసిండు, 62 రాసి కొట్టేసిండు, 39 45 రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టిండు.

మంథని_పంతులు
కా తర్వాత ళ కోసం వెతికిండు. ల మూర్ధన్యం కావాలె, నాలుక వెనకకు మడవాలె. కాళ్ళా, కాళోజీయా, ఏమనిపిద్దామనుకున్నడో.

8బిట్_బిడ్డ
39 వల్ల నాలుక మడిచిన రంగు కొంత వస్తుంది, కానీ అది చాలదేమో. 51 పెట్టి 45 పెడితే ఎలా ఉంటుందో చూడు. ఈ రాత్రి ఎమ్యులేటర్‌లో నేను కూడా కొడతాను.

చెవితో_చదువు
రెండు రికార్డు చేసి పెట్టుండ్రి. ఏది ళ నో నేను చెప్త.